పదకొండో ఎత్తు

నారాయణగూడ హాల్లో చదరంగం పోటీ చివరి రౌండు నడుస్తుంటే, బోర్డు వదిలి నీళ్ళ క్యాన్ దగ్గరికి పోయి మరీ ఎదురు ఆటగాణ్ణి నిలదీసింది మా నర్మద. పౌరుషం ఆ పిల్లకు పుట్టుకతో వచ్చింది లెండి.

"ఏంది రాజీవ్, జాలి చూపిస్తున్నవా?"

"నేనేం చేసిన?"

"గా న్యూయార్క్ ఆట ఆడుతున్నవ్. నల్లపావులోడు ఓడిపోయే ఆట. ఇయ్యాల నల్లపావులు నీయే గద!"

"పోయి నీ ఎత్తు వెయ్యి. గడియారం నడుస్తుంది."

ఆ ఆట సంగతి చెప్పాలి. పంతొమ్మిది వందల పద్దెనిమిదిలో న్యూయార్క్ టోర్నమెంటులో మార్షల్ అనే ఆయన నల్లపావులతో కాపాబ్లాంకా మీద కొత్త ఓపెనింగ్ తీశాడు. ఒక బంటును ఎరవేసి రాజు మీదికి దండెత్తడం. ఎర అని తెలిసే కాపాబ్లాంకా తీసుకున్నాడు, దెబ్బలన్నీ కాచుకుని గెలిచాడు. అశోక్ నగర్ టీ బండి దగ్గర పరీక్షల పుస్తకాలు పక్కకు నెట్టి, రాజీవ్ ఆమెకు ఈ ఆట ఎన్నిసార్లు చూపించాడో! చూపించేది బోర్డు, చూసేది ఆమె ముఖం.

ఇవాళ గెలిస్తేనే నర్మదకు రాష్ట్ర జట్టులో చోటు. డ్రా అయినా లేదు. తాపీపని చేసే దాసయ్య కూతురు, చిక్కడపల్లి బస్తీ నుంచి ఇంతదాకా వచ్చింది. ఒకరు దానం చేసే గెలుపు ఆమెకెందుకు?

విసురుగా వచ్చి బంటును తీసుకుంది. చెరో గుర్రం పోయింది. ఆనాటి ఆటలో పదకొండో ఎత్తుకు మార్షల్ మిగిలిన గుర్రాన్ని వెనక్కి లాగాడు. రాజీవ్ లాగలేదు. చిన్న బంటునొకదాన్ని ఒక్క గడి ముందుకు జరిపాడు.

ఆ ఎత్తు ఆమె ఎన్నడూ చూడలేదు.

తలెత్తితే అతని చెవులు ఎర్రగా కనిపించాయి. వీడు గెలవడానికే కూర్చున్నాడు! నవ్వొచ్చింది. నవ్వితే ఆట చెడుతుందని పెదవి కొరుక్కుంది.

ఆ తర్వాత రెండు గంటలు చూడాలి తల్లీ! బయట వాన, బోర్డు మీద పిడుగులు. ఒక్కో దెబ్బా కాచి, మంత్రులను మార్చేసి, ఎక్కువున్న ఆ ఒక్క బంటుతో నెగ్గుకొచ్చింది.

రాజీవ్ చేయి చాచాడు. ఓటమి ఒప్పుకునే పద్ధతి అదే. నర్మద ఆ చేయి పట్టుకుంది. వదల్లేదు.

"నిజంగ గెలవాలనే ఆడినవా?"

"కసమ్! ఆర్నెల్ల సంది దాచిన ఆ ఎత్తు. నీ మీద ఉత్తుత్తిగ ఆడి, నన్ను పెండ్లి చేసుకుంటవా అని ఏ ముఖంతోని అడుగుత?"

"అడిగినవ్ గద, సరే. ఆదివారం ఇంటికి రా. మా నాయన గరం అయితే నేను చూసుకుంట. నువ్వు మాత్రం లేచి పోవద్దు."

"కదల."

అంపైర్ రాఘవేందర్ గారు కాగితాలు పట్టుకుని దగ్గారు. "అమ్మా, జర చేయి వదులు. స్కోరు షీటు మీద సంతకం పెట్టాలె."

నర్మద ఎడమచేత్తో పెట్టింది.