బూడిద రంగు డోరు

హాలినా ఆ షెడ్డులో అడుగు పెట్టగానే చేసిన మొదటి పని, గోడకున్న ప్లగ్గు పీకెయ్యడం.

గుర్రుమంటూ పాత రంగు గీకుతున్న సాండింగ్ మిషను ఆగిపోయింది. కారు ముందు మోకాళ్ల మీద కూర్చున్న మనిషి దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు, రెండుసార్లు తట్టాడు, ఆఖరికి తల తిప్పాడు. జుట్టు, కనుబొమలు, మీసం అంతా దుమ్మే. ముప్పై ఏళ్ల మనిషి ఆ దుమ్ములో అరవై ఏళ్లవాడిలా ఉన్నాడు.

"ప్లగ్గు మీ చేతిలో ఉందండీ," అన్నాడు నెమ్మదిగా.

"నా చేతిలోనే ఉంటుంది. అది మా నాన్న కారు."

"తెలుసు."

"తెలిసే గీకుతున్నారా?"

ఆ మనిషి, వెండెల్ ప్రూయిట్, మిషను కింద పెట్టాడు. లారెల్టన్‌లో పాత కార్లను కొత్తవాటిలా చేస్తాడని అతనికి పేరు. గోడ నిండా పోటీల్లో గెలిచిన రిబ్బన్లు వేలాడుతున్నాయి. ఆ రిబ్బన్లు చూడగానే హాలినాకు ఒళ్లు మండిపోయింది. వీటిని చూపించే అమ్మను బుట్టలో వేసి ఉంటాడు.

ఆ కారు రేజర్‌బ్యాక్. డెబ్బైల నాటిది, ఈ ఊరి ఫ్యాక్టరీలోనే తయారైంది. కొన్ని వందలే చేశారు కాబట్టి దాని పేరు వింటే చొంగ కార్చుకునేవాళ్లు దేశమంతా ఉన్నారు. హాలినాకు ఆ సంగతులేవీ అక్కర్లేదు. నాన్న తనను బడిలో దింపిన బండి అది. గోడలకు వేసే బూడిద రంగుని గోడలకు వేసే బ్రష్షుతోనే పూశాడాయన. తుప్పు పట్టకుండా వేశానని చెప్పేవాడు. డోరు మీద బ్రష్షు గీతలు చేతికి తగిలేవి. చలికాలంలో కూడా గ్లవుజు తీసేసి వాటి మీద వేలు పోనిచ్చేది చిన్నప్పుడు. నాన్న పోయి రెండేళ్లయింది. నిన్న ఇంటికొచ్చి చూస్తే గరాజు ఖాళీ. రిపేరుకిచ్చానంది అమ్మ. ఇదా రిపేరు?

కారు ఫ్యాక్టరీ గేటు దాటిన రోజు ఎలా ఉందో అలా చెయ్యడమే తన పని అని వెండెల్ వివరించబోయాడు.

"ఆ రోజున దాన్ని మావాళ్లెవరూ తాకనైనా లేదు," అంది హాలినా. "మేం ఎవరం లేని రోజుకు తీసుకెళ్తారా మా కారుని?"

ఇంటికెళ్లి అమ్మను నిలదీసింది. ఇరేనా క్యాబేజీ ఆకుల్లో మాంసం చుడుతూ, నా కారు నా ఇష్టం అని ఊరుకుంది. తర్వాత ఎన్నిసార్లు కదిపినా అదే మాట.

హాలినా స్కూలు బస్సు నడుపుతుంది. వారమంతా పిల్లల మీద అరవడానికి సరిపోయే గొంతు, శనివారం ఊరికే ఉంటుంది. దాన్ని పట్టుకుని ప్రతి శనివారం షెడ్డుకు వెళ్లడం మొదలుపెట్టింది.

ఒక శనివారం వెళ్లేసరికి బానెట్ ఎత్తి ఉంది. లోపలి రేకు మీద ఎవరో పసుపు సుద్దతో వంకరగీత గీశారు. ఇంత పనిమంతుడు ఈ మరక చూసుకోలేదా అనుకుని, జేబురుమాలు తడిపి తుడిచేసింది.

వెనకనుంచి అది చూసిన వెండెల్ మొహం పాలిపోయింది. ఫ్యాక్టరీలో నట్టు బిగించినవాడు, బిగించానని గుర్తుగా గీసే గీత అది. పాత ఫొటో పక్కన పెట్టుకుని, ఆ వంకర కూడా అచ్చం అలాగే రావాలని మధ్యాహ్నమంతా కూర్చుని గీశాడట. పోటీల్లో అది కూడా చూస్తారట.

హాలినా పసుపు అంటిన జేబురుమాలు అతని ముందు చాపింది.

"అంటే ఎవడో ముక్కూ మొహం తెలియనివాడు గీసిన గీతకు మీరు ఒక పూటంతా కూర్చున్నారు. మా నాన్న తన చేత్తో పూసింది మాత్రం దుమ్ము చేసి ఊడ్చేస్తున్నారు. మీకు న్యాయంగానే ఉందా?"

వెండెల్ సుద్దముక్కను చేతిలో అటూ ఇటూ తిప్పాడు. ఏదో చెప్పాలని ఉండి చెప్పలేకపోయాడని ఆమెకు అనిపించింది. చెప్పడానికేం లేక అని తీర్మానించుకుంది.

ఇంకో శనివారం జోరున వాన. రేకుల కప్పు మీద ఆ చప్పుడుకు ఆమె తిట్లు ఆమెకే వినబడలేదు. వెండెల్ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "కొంచెం దగ్గరికొచ్చి తిట్టండి మేడమ్, సగం పోతున్నాయి," అన్నాడు. ఆమె దగ్గరికెళ్లింది. దగ్గరినుంచి చూస్తే అతని కళ్లు ఆకుపచ్చగా ఉన్నాయి. ఏం తిట్టాలో మర్చిపోయింది. మర్చిపోయేలా చేసినందుకు కూడా అతని మీదే కోపమొచ్చింది.

అతని కాఫీ తాగకూడదని ఇంటినుంచి ఫ్లాస్కు తెచ్చుకునేది. ఒకనాడు తేవడం మర్చిపోయి అతనిదే తాగేసింది. అతను శనివారాలు పొద్దున్నే మొహం కడుక్కుంటున్నాడని కనిపెట్టింది. బస్సు నడిపేటప్పుడు పెట్టుకోని చెవిరింగులు ఇక్కడికొచ్చేటప్పుడు తానెందుకు పెట్టుకుంటోందో ఆలోచించి, తీసి హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది. షెడ్డు ముందు మళ్లీ పెట్టుకుంది.

కారంతా నిమ్మపండు పసుపులోకి మారిపోయింది. డ్రైవరు వైపు డోరు ఒక్కటి మాత్రం బూడిద రంగులోనే ఉండిపోయింది. వారాలు గడిచినా అలాగే ఉంది. సరైన ఉప్పుకాగితం రాలేదంటాడు వెండెల్. తన తిట్లు పనిచేశాయని హాలినా లోలోపల మురిసిపోయింది. ఈ డోరునైనా ఇలా ఉంచేస్తాడేమో. అడిగితే ఎక్కడ కాదంటాడోనని భయపడి అడగలేదు.

ఒక శనివారం ఇరేనా వచ్చింది. చెప్పకుండా, చర్చికి వేసుకునే కోటులో వచ్చి, కూతురు అక్కడుండడం చూసి కూడా ఆగకుండా, తిన్నగా డోరు దగ్గరకెళ్లి నిలబడింది.

"ఒక్క డోరుకు ఇన్ని వారాలా?" అంది వెండెల్‌తో.

"అమ్మా, దీన్ని ఉంచేద్దాం," అంది హాలినా. "మిగతాదంతా నీ ఇష్టప్రకారం చేయించుకున్నావు. ఇదొక్కటీ నాన్న చేసింది. ఉండనీ."

ఇరేనా కోటు గుండీలు విప్పి మళ్లీ పెట్టుకుంది.

"తుప్పు పట్టకుండా వేశాడని నీకు చెప్పాడు. నేనూ ఊరుకున్నాను. నీకు రెండేళ్లప్పుడు, ఫ్యాక్టరీ మూసేసిన రోజు వేశాడది. గేటు దగ్గర ఉద్యోగం పోయినవాళ్ల పేర్లు చదివారు, అక్కడే పనిచేసే మీ నాన్న పేరూ చదివారు. ఇంటికొచ్చి, గోడలకు వెయ్యగా మిగిలిన డబ్బా తీసి, వాళ్ల రంగు నా గుమ్మంలో ఉండడానికి వీల్లేదని చీకటి పడేదాకా పూశాడు. వద్దని బ్రష్షు పట్టుకుంటే నా చెయ్యి మీద కూడా పూశాడు. నీకది నాన్న ప్రేమ. నాకు ఆ రోజు. పొద్దున లేచి గరాజు తలుపు తీస్తే ఆ రోజే కనబడేది."

ఇరేనా కొత్త పసుపు రంగు మీద చెయ్యి వేసింది.

"నన్ను మొదటిసారి డాన్సుకు తీసుకెళ్లినప్పుడు ఇది పసుపు రంగులో ఉంది. ఎంత నవ్వించాడో తెలుసా ఆ రాత్రి. ఆ మనిషి నీకు తెలియదు హాలీ, నువ్వు పుట్టలేదు. నువ్వు చూసిన నాన్న నీకున్నాడు. నేను చూసినవాణ్ని నేనొక్కసారి చూసుకోకూడదా?"

హాలినా డోరు మీద చెయ్యి పెట్టింది. ఆ గీతల్ని చిన్నప్పటినుంచీ నాన్న ఓపిక అనుకుంది. ఇప్పుడు చూస్తే ఒక్కటీ నిదానంగా లేదు. కొన్నిచోట్ల బ్రష్షు వెంట్రుకలు ఊడి రంగులోనే ఉండిపోయాయి. అంత గట్టిగా అదిమాడు. ఆయన కోపం ఇన్నేళ్లూ తన వేలి కిందే ఉంది.

ఫ్యాక్టరీవాళ్ల మీద కోపమొచ్చింది. ఇన్నేళ్లు చెప్పనందుకు అమ్మ మీద వచ్చింది. ఆ రెండు కోపాలూ పోయే దారి కనబడక వెండెల్ వైపు తిరిగింది.

"మీకు తెలుసా ఇదంతా?"

"తెలుసు."

"తెలిసే నోరెత్తకుండా ఇన్ని శనివారాలు నాచేత తిట్లు తిన్నారా?"

"చెప్పొద్దని మీ అమ్మగారు మాట తీసుకున్నారు మేడమ్."

"చెప్పొద్దన్నాను," అంది ఇరేనా మండిపడుతూ. "డోరు ఆపెయ్యమన్నానా? ఆ ఉప్పుకాగితం బల్ల మీదే కట్టలు కట్టలు పడి ఉంది. కళ్లు లేవనుకున్నావా నాకు?"

వెండెల్ బల్ల వైపు చూశాడు. కడుక్కున్న మొహం ఎర్రబడితే దాచుకోవడానికి దుమ్ము కూడా లేదు.

"ఒక్కరోజు పని," అన్నాడు నేలచూపులు చూస్తూ. "అది అయిపోతే ఈవిడ ఇక రారు. నా జన్మలో ఎవరూ నన్నింత శ్రద్ధగా తిట్టలేదు. శుక్రవారం రాత్రి నిద్ర పట్టదు నాకు, రేపు ఏమంటారా అని. ఆపడం తప్పే. మీ డోరు, ఈవిడ నాన్నగారిది. దాన్ని నాకోసం ఆపి ఉండకూడదు."

"కూడదు," అంది హాలినా.

బల్ల దగ్గరికెళ్లి ఒక ఉప్పుకాగితం తీసుకుంది. మిషను వద్దంది. డోరు ముందు కింద కూర్చుని తనే రుద్దడం మొదలుపెట్టింది. బూడిద రంగు పొడి ఒడిలో పడుతుంటే కళ్లు తుడుచుకుంది, మొహమంతా చారలయ్యాయి. వెండెల్ పక్కన కూర్చుని ఇంకో కాగితం అందుకున్నాడు. కొంచెం మెల్లగా అదమండి అనబోయాడు.

"నాకు నేర్పొద్దు నువ్వు," అంది.

ఆ 'నువ్వు' ఇద్దరూ విన్నారు. అతను బుద్ధిగా తన వైపు రుద్దుకున్నాడు. కాసేపటికి ఆమె మోచెయ్యి అతని మోచేతికి తగిలింది. ఇద్దరూ తీసుకోలేదు.

"వచ్చే శనివారం కూడా వస్తాను," అంది అతని వైపు చూడకుండా. "ఏదో ఒకటి దొరక్కపోదు తిట్టడానికి."

"ఇంజను పనే ఇంకో రెండేళ్లు పడుతుంది," అన్నాడు వెండెల్ ఆశగా.

ఇరేనా అప్పటికే అటువైపునుంచి కారెక్కి, డ్రైవరు పక్క సీట్లో, పంతొమ్మిదేళ్ల పిల్లలా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆ మాట వినగానే కిటికీలోంచి తల బయటపెట్టింది.

"రెండేళ్లా? మీ పెళ్లి ఎప్పుడైనా చేసుకోండి, నాకేం తొందర లేదు. బండి మాత్రం వేసవికల్లా కావాలి."