రా... కుమారా!

అల్లూరు కవి సమ్మేళనంలో వేదిక వెనకే చెంచురామయ్య గారిని పొడిచారు. పైకి ఆయన పద్యాల పండితుడు, లోపల ఇంటెలిజెన్స్ మనిషి. శిష్యుడు, ఏజెంట్ రహ్మాన్ పరుగెత్తుకొచ్చేసరికి ఆయనలో ఒక్క మాటకు సరిపడా ఊపిరే మిగిలింది.

"పద్యం కాదు నాయనా... విరుపు విను."

పొడిచినవాడు క్రూగర్, విదేశీ ముఠా నాయకుడు. మోటార్ లాంచీలో సముద్రం మీదికి జారుకున్నాడు. 1965, యుద్ధం రోజులు. వాడు మళ్లీ ఒడ్డెక్కితే డైనమైట్‌తోనే ఎక్కుతాడు. మద్రాసు రైలు వంతెన పేలిపోతుంది.

రహ్మాన్ కూలివాడి వేషంలో వాకాడు తీరమంతా గాలించాడు. ఉప్పు కొఠారులో దొంగ ట్రాన్స్‌మిటర్ దొరికింది. దాని ముందు పుష్పకుమారి. పట్టుచీర, తేనె గొంతు. రోజూ లాంచీకి ఒకే పద్యం వినిపిస్తుంది. ఆఖరి మాట "రాకుమారా". "రాకు, మారా" అని మన్మథుణ్ణి కసిరితే, రావద్దని. "రా, కుమారా" అని కొడుకును పిలిస్తే, దిగమని. అక్షరాలు అవే. గొంతు ఆగే చోటే అర్థం మారుతుంది.

బావి దగ్గర ఆమెను అడ్డగించాడు.

"అయ్యవారిని చంపినోళ్లకి పాడతా ఉండావే, సిగ్గు లేదా?"

"నన్ను ఈ ముఠాలోకి పంపించింది అయ్యవారే అన్నా. క్రూగర్ ఒడ్డుకి రావాల. అందుకే పాడతా ఉండా."

నమ్మాలో వద్దో అతనికి తేలలేదు.

అయినా ఆ సాయంత్రం సరుగుడు తోపులో అతను పిలిపించిన నేవీ జవాన్లు పొంచి ఉన్నారు. ముఠా ఆపరేటర్ ఆనందబాబు పసిగట్టాడు. కొఠారులో పుష్పకుమారి మెడకు రివాల్వర్ ఆనించాడు.

"రావద్దని చెప్పు!"

కిటికీ కింద రహ్మాన్ పిస్తోలు పట్టుకుని బిగుసుకుపోయాడు. ఆమె మైకు అందుకుంది.

"వెన్నెల కురిసెను తీరము మీద... రా..."

ఆగింది.

"...కుమారా!"

ఆనందబాబు వేలు ట్రిగ్గర్ మీద బిగిసేలోపే రహ్మాన్ పేల్చిన తూటా వాడి భుజాన్ని చీల్చింది.

లాంచీ వచ్చింది. క్రూగర్ మోకాటి లోతు నీళ్లలోకి దిగాడు.

"ఎవరు నువ్వు?"

"చెంచురామయ్య గారి శిష్యుణ్ణి."

పిస్తోలు ఇసుకలో పారేసి రహ్మాన్ వట్టి చేతులతో వాడి మీద పడ్డాడు. ఒడ్డున పుష్పకుమారి చూస్తూ నిలబడింది. ఆపమని అనలేదు. చివరికి జవాన్లే వచ్చి విడదీశారు.

మర్నాడు చీఫ్ ఫోన్ చేశాడు.

"రహ్మాన్! ముద్దాయి ఎముకలు ఎట్లా విరిగాయయ్యా?"

"అల విసిరింది సార్. రాళ్లకు కొట్టుకున్నాడు."

"వాకాడు ఒడ్డున రాళ్లెక్కడివి? అంతా ఇసుకే గదా!"

"నిజమే సార్. రిపోర్టు అక్కడే ఆగిపోయుండాది."