ఇందిర చూసిన మనిషి

కోడూరు రొయ్యల చెరువు గట్టు మీద నాగభూషణరావు శవం. తల వెనక దెబ్బ. పొగమంచు ఇంకా పూర్తిగా విడలేదు.

ఇన్‌స్పెక్టర్ జెనిఫర్ వంగి చూసింది. నడుం పట్టేసింది. ఈ నెలలో ఆమెకిది మూడో శవం.

భార్య ఇందిర ఏడవడం లేదు.

"విక్రమే చంపాడండీ. ఈయన మేనల్లుడే. చెరువు తనకి లీజుకిమ్మని ఒకటే గొడవ. తెల్లారగట్ల డాబా మీంచి చూశాను. గట్టు మీద నడుస్తున్నాడు."

"మొహం చూశారా?"

"వాడి పసుపు రెయిన్‌కోటు నేను గుర్తుపట్టనా అండీ? కోర్టులో ప్రమాణం చేసి చెబుతాను."

ఎస్సై సాయికిరణ్ ముఖం వెలిగింది. "ఐ విట్‌నెస్, మేడమ్!"

శవాన్ని మొదట చూసిన కాపలాదారు సీమోను షెడ్డులో ముడుచుకుని కూర్చున్నాడు. జెనిఫర్ ఒక్కతే లోపలికి వెళ్ళింది.

"నువ్వొచ్చేసరికి ఆయన గట్టు మీదే ఉన్నాడా?"

"లేదండి. నీళ్ళలో. కాలు నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్ తాడులో ఇరుక్కుంది. విడదీసి నేనే లాగాను. నా మీదకొస్తుందని ఎవరికీ చెప్పలేదండి."

"అప్పుడు నీ ఒంటి మీద ఏముంది?"

సీమోను మూలకి చూశాడు. తడిసిన పసుపు కోటు. "విక్రమ్ బాబు ఇచ్చేశారండి, పాతదైందని."

జెనిఫర్ కళ్ళు మూసుకుంది. ఇందిర చూసింది సీమోనుని.

మధ్యాహ్నం విక్రమ్ వచ్చాడు. జెనిఫర్ షెడ్డులోనే అందరినీ కూర్చోబెట్టింది.

"రాత్రి ఎక్కడ?"

"గుడివాడలో, రూములో."

"ఎలా తెలిసింది?"

"పక్కింటివాళ్ళు ఫోన్ చేశారు. మావయ్య గట్టు మీద పడున్నాడని."

"ఎవరు కొట్టుంటారు?"

"కొట్టడమేంటండీ? జారిపడుంటాడు. కాలు తాడులో చిక్కుకుంటే ఎంత ఈతగాడైనా ఏం చేస్తాడు?"

"ఏ తాడు, విక్రమ్?"

అతను సీమోను వైపు చూశాడు.

"గట్టు మీద పడున్నాడనే కదా అందరూ విన్నది? తాడు సంగతి సీమోనుకి తెలుసు. నాకు చెప్పాడు. మూడో మనిషికి తెలిసిందంటే, అతను అక్కడుండాలి."

సాయంత్రానికి గుడివాడ దారిలో, ఘంటసాల దగ్గర ఓ పెట్రోలు బంకు కెమెరాలో విక్రమ్ బైకు దొరికింది. తెల్లవారకముందే కోడూరు వైపు.

అవనిగడ్డ స్టేషన్లో టీ చల్లారిపోయింది.

"తాడు మాట పోలీసుల ముందన్నది. కోర్టులో నిలవదు" అంది జెనిఫర్. "కెమెరాలో ఉన్నది రోడ్డు. చెరువు కాదు."

"అందుకే మేడమ్, సీమోను కోటు సంగతి రాయొద్దు. ఇందిర గారు చెప్పింది నిజమే కదా?"

"నిజమే. కానీ ఆవిడకి తెలీదు."

"అదేంటి మేడమ్?"

"ఆవిడ మాట గుడ్డిగా నిజమైంది. చట్టం నిజమా అని అడిగి ఊరుకోదు సాయీ. నీకెలా తెలిసింది అంటుంది. అలా అడక్కపోతే నాకీ ఉద్యోగం అక్కర్లేదు."

ఇందిరని పిలిపించి అంతా చెప్పింది. ఇందిర లేచి నిలబడింది.

"వాడే కదండీ చంపింది! ఇక నేను ఎవరిని చూస్తేనేం?"

"ఆ కోటు ఎవరు వేసుకున్నా మీరు విక్రమ్ అనే అనేవారండీ. విక్రమ్ ఏ పాపం చేయకపోయినా అదే అనేవారు. ఇదే ధైర్యంతో."

ఇందిర కుర్చీలో కూలబడింది.

"రాసుకోండి. కోటు చూశాను. మనిషిని చూళ్ళేదు."

సాయికిరణ్ రాశాడు. ఆమె సంతకం పెట్టి, పెన్ను వదల్లేదు.

"వాడికి శిక్ష పడుతుందాండీ?"

అబద్ధం చెప్పే ఓపిక కూడా జెనిఫర్‌కి లేదు.

"తెలీదండీ" అంది.