ఐదో చరణంలో ఖాళీ

"అడ్మిరల్ హోల్గర్ ఈ మధ్యాహ్నం తన అరవయ్యో పుట్టినరోజు విందులోనే చావాలి. ఇదీ విదేశీ ముఠా ప్లాన్," అంది చీఫ్ గెర్డా. "ఎలా చంపుతారో తెలీదు. మన ప్రేబెన్ అతిథిగా వెళ్తాడు. నువ్వు వెయిటర్ వేషంలో వెళ్ళు, ఎస్కిల్."

మళ్ళీ ప్రేబెనే! ఎస్కిల్‌కి ఒళ్ళు మండిపోయింది. కోడ్లు విప్పేది తను, షాంపేన్ తాగేది వాడు. పైగా వాడి పక్క కుర్చీ వీబెకాది. ముఠాలో ఉంటూ ఇటు రహస్యాలు చేరవేసే ఆ డబుల్ ఏజెంట్ కోసం ఎస్కిల్ మూడేళ్ళుగా లోలోపల తపించిపోతున్నాడు.

కోపెన్‌హాగన్ విందుహాల్లో ప్రతి కంచం పక్కనా అచ్చేసిన పాట ఉంది. పాత వరసకి కొత్త మాటలు, ఇక్కడి ఆనవాయితీ ప్రకారం అతిథులంతా కలిసి పాడడానికి. అడుగున 'రచన: ప్రేబెన్'.

"ఎంత బాగా రాశావు!" అంటూ వీబెకా వాడి భుజం మీద వాలింది.

కవి కూడానా వీడు! ఒకప్పుడు సాహిత్యం పాఠాలు చెప్పిన ఎస్కిల్, చేపల ట్రే చాటున కాగితం పెట్టుకుని తప్పులు వెతికాడు. పాదానికి నాలుగు ఊనికలు, సరిపోయాయి. అంత్యప్రాసలు కుదిరాయి. ప్రతి చరణం చివరా 'వర్ధిల్లు హోల్గర్' రెండేసిసార్లు. ఛ! ఒక్క తప్పూ లేదే!

ఐదో చరణంలో దొరికింది. 'వర్ధిల్లు హోల్గర్' ఒక్కసారే ఉంది. ప్రాస తప్పిన ఒకే ఒక్క మాట 'గ్లాసు'.

ముందు సంబరపడ్డాడు. తర్వాత మళ్ళీ చదివాడు. ఈ ఊళ్ళో ఎవరూ వంటింట్లో వేళ్ళు లెక్కపెట్టుకుంటూ పదిసార్లు పాడి చూసుకోకుండా పాట అచ్చువేయించరు. అంటే ఇది పొరపాటు కాదు, హంతకుడికి ఆర్డరు. ఐదో చరణం, గ్లాసు!

అప్పటికే అతిథులు నాలుగో చరణం పాడుతున్నారు. ఎస్కిల్ నాప్‌కిన్ కింది పిస్తోలు ప్రేబెన్ డొక్కలో గుచ్చాడు. "ఐదో చరణం ఎందుకు కుంటిందిరా, ద్రోహీ?"

"నాకు ప్రాసలేం వచ్చురా బాబూ! వీబెకా రాసిచ్చింది. పేరు నాది వేసుకున్నానంతే!"

వీబెకా కుర్చీ ఖాళీ. ఎస్కిల్ ప్రాణం ఉసూరుమంది. ద్రోహి ప్రేబెనే అయితే ఎంత బాగుండేది!

ఐదో చరణం ముగిసింది. వరస మిగిలింది, మాటలు లేవు. అందరూ నోళ్ళు తెరిచి ఆగిపోయారు. కొత్త వెయిటరొకడు అడ్మిరల్‌కి గ్లాసు అందించాడు. ఆయన నవ్వేస్తూ పెదవుల దాకా ఎత్తాడు.

ఎస్కిల్ ట్రే విసిరాడు. గ్లాసు భళ్ళున పగిలింది. ఒలికిన మద్యంలో ముంచగానే, ఆఫీసువాళ్ళిచ్చిన పరీక్ష పెన్ను ములికి నీలంగా మారింది. విషం!

గేటు దగ్గర వీబెకా దొరికింది. "నా పాటని ఇంత శ్రద్ధగా చదువుతావనుకోలేదు, ఎస్కిల్."

"నీదని తెలిస్తే తప్పులు వెతికేవాణ్ణే కాదు," అన్నాడతను.

సాయంత్రం ఆఫీసులో అడిగాడు. "చీఫ్, రిపోర్టులో ఎలా కనిపెట్టానని రాయను? అసూయతో అనా?"

"ఛందోజ్ఞానంతో అని రాయి," అంది గెర్డా. "అన్నట్టు, అడ్మిరల్ గారు ప్రేబెన్‌కి పూలు పంపారు. పాట బ్రహ్మాండంగా ఉందట."