నిచ్చెన పైకి లాగాక

నైరుతి గాలి మొదలైందంటే సమార్ దీవి తీరంలో ఎవరూ నిశ్చింతగా ఉండరు. దక్షిణాది సముద్రపు దొంగలు ఆ గాలికే వస్తారు, మనుషుల్ని పట్టుకుపోయి బానిసలుగా అమ్ముతారు. ఆ సాయంత్రం కూడా శంఖం మోగింది. ఊరంతా రాతి బురుజులోకి ఎక్కి, వెదురు నిచ్చెనను లోపలికి లాగేసుకుంది.

కిందటేడు నిచ్చెన లాగింది తెక్లా. ఆమె ఆడబిడ్డ ఉర్బానా అప్పటికింకా ఇసుకలో పరుగెత్తుకొస్తోంది. దొంగలు ఉర్బానాను పట్టుకుపోయారు. తెక్లాను ఎవరూ తప్పుపట్టలేదు. లాగమని అరిచింది ఊరివాళ్ళే.

చీకటి పడింది. వాన. లోపల తడిబట్టల వాసన, ఎండుచేపల వాసన.

"తాతా, నీ కాలు నా కుండలో ఉంది," అన్నారెవరో చీకట్లో.

"ఖాళీ కుండేగా," అన్నాడు కావలి ముసలి కోస్మే. కొందరు నవ్వారు.

"వదినా..."

నవ్వులు ఆగిపోయాయి. గొంతు కింద నుంచి వచ్చింది.

"వదినా, నిచ్చెన వెయ్యి. చలేస్తోంది."

ఉర్బానా గొంతే. తెక్లా లేచింది. కోస్మే ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"కూర్చో, పిచ్చిదానా," గుసగుసగా అన్నాడు. "పట్టుకుపోయినవాళ్ళ చేతే పిలిపిస్తారు. వెనక కత్తులుంటాయి. ఇక్కడ పసిపిల్లలున్నారు."

"కిందటేడూ ఇదే అన్నావు తాతా."

అతని చెయ్యి సడలింది.

తెక్లా నిచ్చెన దించి, మెరుపు వెలుగులో తొంగి చూసింది. ఇసుక మీద దొంగలు లేరు. ఎవరూ లేరు.

కింది మెట్టు కిర్రుమంది. దాని పైది... ఆ పైది... గుమ్మంలో ఆమె చెంపకు చల్లటి ఊపిరి తగిలింది. నాచు వాసన. తెక్లా పక్కకు తప్పుకుంది.

కింది మెట్టు మళ్ళీ కిర్రుమంది. మళ్ళీ... మళ్ళీ...

లోపల జనం గోడల వైపు జరుగుతున్నారు, ఎవరికో చోటిస్తున్నట్టు. కోస్మే భార్య చీకట్లోకి చెయ్యి చాచి తడిమింది.

"ఇంత చిక్కిపోయావేంరా, నాయనా బెనితో," అంది.

బెనితో అన్నది వాళ్ళ కొడుకు పేరు. చిన్నప్పుడే దొంగలు పట్టుకుపోయారు.

తెక్లా వీపు గోడకు ఆనింది. ఇక జరగడానికి చోటు లేదు.

"ఉర్బానా," అంది మెల్లగా. "ఎక్కడున్నావే?"

జవాబు గదిలోంచి రాలేదు.

"కిందే ఉన్నా వదినా. ముందు వీళ్ళని ఎక్కనిస్తున్నా. ఇంకా చాలామంది ఉన్నారు."

వాన వెలిసింది. మబ్బు తొలగి, వెన్నెల్లో నీళ్ళ అంచు దాకా తీరమంతా ఖాళీగా కనిపించింది. నిచ్చెన కాళ్ళు మాత్రం మెల్లమెల్లగా ఇసుకలోకి దిగబడుతున్నాయి.