మూతబడ్డ పాలకేంద్రంలో దూడ

పామర్రు దాటి కూచిపూడి వైపు తిరిగాక, కాలువ గట్టు వెంట కొంచెం దూరం పోతే మూతబడ్డ పాలకేంద్రం ఒకటి వస్తుంది. రేకుల కప్పు, తలుపుల్లేని గుమ్మం, లోపల ఎండిపోయిన సిమెంటు తొట్టి. పగలు చూస్తే అందులో భయపడ్డానికి ఏమీ ఉండదు. పొద్దుగూకాక మాత్రం ఆ కాస్త దూరం ఎవరూ బండి స్లో చెయ్యరు. పెట్రోలు అయిపోయినా సరే, నెట్టుకుంటూ దాటేసి ఆ తర్వాతే ఆగుతారు.

అక్కడ దూడ ఏడుస్తుందంటారు.

మామూలు దూడ కాదట. దగ్గరికెళ్తే ఎక్కడో దూరం నుంచి వినిపిస్తుందట. పారిపోతుంటే చెవి పక్కనే అరుస్తుందట. ఎవడో పెళ్ళి నుంచి వస్తూ జాలిపడి బండి దిగాడనీ, జ్వరం పట్టి మళ్ళీ మంచం దిగలేదనీ చెప్తారు. వాడి పేరు అడిగితే మాత్రం ఒక్కొక్కరూ ఒక్కో పేరు చెప్తారు.

అలాంటి చోటికి రాగిణి రాత్రిపూట వెళ్ళాల్సొచ్చింది. ఒకసారి కాదు... మూడుసార్లు.

రాగిణి విజయవాడలో మూగజీవాల మీద జరిగే క్రూరత్వం కేసులు చూసే ఆఫీసులో సీనియర్ ఇన్‌స్పెక్టర్. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇంటికొచ్చి ఏడ్చేది. తర్వాత్తర్వాత కోపం వచ్చేది. ఇప్పుడు ఆ రెండూ లేవు. ఆటోనగర్‌లో షెడ్డు ముందు పడుకుందని కుక్క మీద మరిగే ఆయిలు పోసినవాణ్ణి కోర్టు దాకా లాక్కెళ్తే, వాడు యాభై రూపాయల జరిమానా కట్టి, మెట్లు దిగుతూ "వస్తానండి మేడమ్" అన్నాడు. హనుమాన్ జంక్షన్ దగ్గర లారీలో ఒకదాని మీద ఒకటి పడి కాళ్ళు విరిగిన పశువుల్ని దింపిస్తే, ఉంచే చోటు లేక మళ్ళీ ఆ లారీవాడికే అప్పగించాల్సొచ్చింది. చట్టం అంతవరకే. ఆమె చెయ్యగలిగిందీ అంతవరకే.

ఒక రాత్రి ఆమెకి ఫోనొచ్చింది. ముసలి గొంతు.

"నా పేరు వెంకటరత్నమ్మ అమ్మా. కాలువ అవతల మా ఇల్లు. పాలకేంద్రంలో దూడ ఏడుస్తోంది. నిన్నా ఏడ్చింది. ఇవాళ... గొంతు తగ్గిపోయింది."

"ఊళ్ళో ఎవరికైనా చెప్పారా పిన్నిగారూ?"

"చెప్పాను. దెయ్యం అన్నారు. దెయ్యానికి ఆకలేస్తుందా అమ్మా? ఇది ఆకలి ఏడుపు."

జీపు తోలే ఆమోసుకి ఆ చోటు తెలుసు. వాళ్ళ అత్తగారి ఊరు ఆ పక్కనే. గట్టు మీదికి ఎక్కాక హెడ్‌లైట్లలో రేకుల కప్పు కనబడగానే బండి ఆపేశాడు.

"మేడమ్... పొద్దున్నే వద్దామండి."

"పొద్దున దాకా బతకదేమో ఆమోసూ."

ఇంజను ఆపగానే చీకటి మీదికొచ్చి కూర్చున్నట్టయింది. కప్పలు. కాలువ నీళ్ళ చప్పుడు. ఆ తర్వాత—

వినపడింది. సన్నగా. గొంతులోంచి కాదు, కడుపులోంచి వస్తున్నట్టు. అరిచి, ఆగి, ఎవరైనా పలుకుతారేమోనని వింటున్నట్టు కాసేపు ఊరుకుని... మళ్ళీ.

"ప్రభువా..." అన్నాడు ఆమోసు.

రాగిణి టార్చి తీసుకుని లోపలికెళ్ళింది.

దెయ్యం లేదు. దూడే ఉంది. బొడ్డు పేగు ఇంకా ఎండని దున్నదూడ. నైలాను తాడుతో తొట్టి పైనున్న ఇనప కడ్డీకి మెడ బిగించి కట్టారు. పడుకోడానికి కూడా తాడు అందదు. కాళ్ళు వణుకుతున్నాయి. టార్చి వెలుగు పడగానే అది అరవడం మానేసి, మెడ చాచింది.

ఆమె చూసింది దూడని కాదు, ఆ కడ్డీని. దానికి ఇంకా చాలా తాళ్ళు వేలాడుతున్నాయి. కొన్ని కొత్తవి. కొన్ని వానకి నాని, ఎండకి ఎండి, పీచులు లేచిపోయినవి. ప్రతి తాడు చివరా ఉచ్చు. ఉచ్చుల కింద చెత్తలో తెల్లగా, చిన్న చిన్న ఎముకలు.

ఇన్నేళ్ళుగా ఊరు విన్న ఏడుపు ఒక్కదానిది కాదు. ఒకటి ఆగిపోతే ఇంకోటి. ఈ తొట్టి పక్కన ఎప్పుడూ ఏదో ఒకటి ఏడుస్తూనే ఉంది.

తాడు కోసి, దూడని ఒళ్ళో వేసుకుని జీపెక్కింది. సీసాతో పాలు పట్టబోతే మింగలేకపోయింది. మూతి పక్క నుంచి కారిపోయాయి. ఉయ్యూరు దాటేసరికి దాని తల బరువెక్కింది. ఆమోసు అద్దంలో చూశాడు. అతను బండి వేగం తగ్గించేశాడు.

*

దూడ ఎవరిదో కనుక్కోవడం కష్టం కాలేదు. కాలువ అవతలే బసవయ్య గారి డెయిరీ. పెద్దమనిషి. రాగిణిని చూడగానే లేచి కుర్చీ వేయించాడు, కాఫీ తెమ్మన్నాడు.

"దున్నదూడని ఏం చేసుకోమంటారండి?" అన్నాడు, మెల్లగా, పిల్లలకి లెక్క చెప్తున్నట్టు. "దున్నేది ట్రాక్టరు. బండి లాగేది లేదు. ఉన్నన్నాళ్ళూ పాలు తాగేస్తది. అట్లాగని చంపితే పాపం గదండీ. అందుకే మేం చంపం. వదిలేస్తాం."

"కట్టేసి వదిలేస్తారా?"

"కట్టకపోతే ఇంటికొచ్చేస్తయ్యండి."

అతని వెనక గేదెల వరసలో ఒకటి మేత ముట్టకుండా, కాలువ వైపు మెడ తిప్పి నిలబడి ఉంది. నుదుటి మీద తెల్ల చుక్క.

"దూడ లేకుండా అది పాలు ఎట్లా చేపుతోంది?"

"సూది ఉందిగా. సూది పడకపోతే చుక్క దిగదు దానికి. మహా మొండిది."

ఆ హార్మోను సూది వెయ్యడం కూడా నేరమే. రాగిణి అదీ రాసుకుంది. కేసు పెట్టింది. సాక్షుల కోసం గట్టు వెంట ఇల్లిల్లూ తిరిగింది. కాలువకి నీళ్ళు వదిలే లస్కరు శౌరయ్య ఒక్కడే నిలబడి మాట్లాడాడు.

"విన్నామండి. రోజూ విన్నాం. దెయ్యం అనుకున్నాం."

"నిజంగా అనుకున్నారా శౌరయ్య గారూ?"

అతను నీళ్ళ వైపు తిరిగాడు.

"దెయ్యమైతే తలుపేసుకుని పడుకోవచ్చు మేడమ్. దూడైతే... లేచి వెళ్ళి విప్పాలి గదండి. బసవయ్య గారితో పెట్టుకోవాలి." తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "సాక్ష్యం మాత్రం నన్ను అడక్కండి."

ఎవరూ సంతకం పెట్టలేదు. బసవయ్య జరిమానా కట్టాడు. తాడు పనోళ్ళు కట్టారన్నాడు, దూడ తప్పిపోయిందనుకున్నామన్నాడు. అంతటితో అయిపోయింది.

రాగిణి చెయ్యగలిగింది ఒక్కటే. ఆమోసుని తీసుకుని వెళ్ళి ఆ తాళ్ళన్నీ కోయించింది, కడ్డీ ఊడబీకించింది, ఎముకలు ఏరి గట్టు కింద పూడ్పించింది. ఆ తర్వాత కొన్నాళ్ళు పాలకేంద్రం నిశ్శబ్దంగా ఉంది.

*

మళ్ళీ వెంకటరత్నమ్మ ఫోను.

"ఏడుస్తోందమ్మా."

బసవయ్య ఇంకోదాన్ని కట్టేశాడనుకుంది రాగిణి. ఆమోసుని నిద్ర లేపింది. గట్టు మీద దిగేసరికి ఏడుపు వినబడుతూనే ఉంది. పరుగున లోపలికెళ్ళి టార్చి వేసింది.

ఏడుపు ఆగిపోయింది.

తొట్టి ఖాళీ. నేల ఖాళీ. మూల మూలా వెతికింది. తాడు లేదు, దూడ లేదు, పేడ కూడా లేదు.

"పక్క పొలంలోంచి వచ్చిందేమో" అంది. తన గొంతు తనకే నమ్మకంగా అనిపించలేదు. ఆమోసు గుమ్మం దగ్గరే నిలబడి, పెదాలు కదుపుతున్నాడు.

అప్పుడు కాలువలో చప్పుడయింది.

ఏదో పెద్దది నీళ్ళలో దిగింది. ఈదుతోంది. బుస్సు బుస్సుమని ఊపిరి... దగ్గరికి... ఇంకా దగ్గరికి...

రాగిణి టార్చి ఆర్పి గోడకి ఆనుకుంది.

గేదె. ఒళ్ళంతా నీళ్ళు కారుతూ, మెడ నుంచి తెగిన పలుపు ఈడ్చుకుంటూ గుమ్మంలోంచి వచ్చింది. మనుషులున్నారని కూడా చూడలేదు. రేకుల సందులోంచి పడుతున్న వెన్నెల్లో నుదుటి మీద తెల్ల చుక్క కనబడింది. తొట్టి పక్కకి వెళ్ళి, వెనక కాళ్ళు ఎడంగా పెట్టి, నిలబడింది.

గొంతులో సన్నగా రొద చేసింది. ఈనిన గేదెలు దూడతో మాట్లాడేటప్పుడు చేసే రొద.

చీకట్లో, దాని పొట్ట కింద — చప్పరిస్తున్న చప్పుడు మొదలయింది.

తడిగా. ఆబగా. మధ్యమధ్య ఊపిరి తీసుకోడానికి ఆగుతూ.

రాగిణి కళ్ళు చికిలించి చూసింది. పొదుగు కింద ఏమీ లేదు. చనుకట్ల చుట్టూ నురగ కడుతోంది. పాలు వస్తున్నాయి. నేల మీద మాత్రం ఒక్క చుక్కా పడటం లేదు.

గేదె మెడ వెనక్కి తిప్పి, నాలుక చాచి, గాలిని నాకింది. దూడ వీపంత ఎత్తున ఒకచోట మొదలుపెట్టి, నెమ్మదిగా తోక దాకా... మళ్ళీ మెడ దాకా. నాలుక ఆ వంపులో ఒక్కసారి కూడా తప్పలేదు.

చాలాసేపటికి చప్పుడు ఆగింది. గేదె కాసేపు నిలబడి, మళ్ళీ కాలువలో దిగి వెళ్ళిపోయింది. వడిలిన పొదుగు కాళ్ళ మధ్య సంచిలా ఊగుతోంది.

వెనక్కొచ్చేటప్పుడు ఆమోసు రెండుసార్లు బండి ఆపాడు.

"మేడమ్, దీనికేం కేసు పెడతారండి?"

విచిత్రం ఏమిటంటే, ఆ రాత్రి ఆమెకి భయం వెయ్యలేదట. ఇన్నేళ్ళ ఉద్యోగంలో కడుపు నిండిన దూడ దగ్గర్నుంచి వెనక్కి రావడం అదే మొదటిసారి అనిపించిందట.

ఆ గేదెని ఎట్లాగైనా బసవయ్య దగ్గర్నుంచి విడిపించాలనుకుంది. గోశాలల వాళ్ళకి ఫోన్లు చేసింది. ఆవైతే తీసుకుంటామన్నారు. గేదె అనేసరికి చోటు లేదన్నారు. చివరికి తెనాలిలో ఒకాయన సరేనన్నాడు. ఆ మాట పట్టుకుని మర్నాడే బయల్దేరి డెయిరీకి వెళ్ళింది.

వరసలో ఆ చోటు ఖాళీగా ఉంది.

"రోజూ రాత్రి పలుపు తెంపుకుపోయేదండి" అన్నాడు బసవయ్య. "పొద్దున చూస్తే పొదుగు ఖాళీ. ఎవడో దొంగతనంగా పితుక్కుంటున్నాడు. కొట్టి చూశాం, గొలుసేసి చూశాం. ఎన్నాళ్ళు మేపుతానండి? తెల్లారుజామున లారీ ఎక్కించేశాను."

"ఎక్కడికి?"

"కాఫీ తీసుకోండి" అన్నాడతను.

ఆమె చెక్‌పోస్టులన్నిటికీ ఫోను చేసింది. మధ్యాహ్నానికి ఒకచోట లారీ సంగతి తెలిసింది. కాగితాలు సరిగ్గానే ఉన్నాయనీ, పొద్దున్నే వదిలేశామనీ చెప్పారు. పాలివ్వని గేదెని కబేళాకి తోలడం నేరం కాదు.

*

ఆ రాత్రి వెంకటరత్నమ్మ మళ్ళీ ఫోను చేసింది. ఈసారి ఆవిడే ఏడుస్తోంది.

"పొద్దుగూకినప్పట్నుంచీ పిలుస్తోందమ్మా. మామూలు దూడైతే ఈపాటికి గొంతు పోవాలి. దీనికి పోవట్లేదు. ఇంకెన్నాళ్ళు ఏడుస్తుందో... దీనికి చావు కూడా లేదు గదమ్మా!"

ఆమోసు గట్టు దాకా తోలాడు గానీ జీపు దిగనన్నాడు. ఆమె బలవంతపెట్టలేదు. టార్చి కూడా తీసుకోకుండా దిగి, ఒక్కతే లోపలికెళ్ళింది.

ఏడుపు తొట్టి పక్కనుంచి వస్తోంది. ఆమె వెళ్ళినా ఆగలేదు. అరుస్తుంది. ఆగుతుంది. కాలువ వైపు వింటుంది. నీళ్ళలో ఏ చప్పుడూ లేదు. మళ్ళీ అరుస్తుంది.

రాగిణి తొట్టి అంచు మీద కూర్చుంది. ఎందుకన్నదో ఆమెకే తెలియదు...

"దా..." అంది, గుసగుసగా. "దా నాన్నా... దా..."

ఏడుపు ఠక్కున ఆగిపోయింది.

సిమెంటు నేల మీద చిన్న గిట్టల చప్పుడు. తడబడుతూ. ఒక అడుగు... ఇంకో అడుగు. వెచ్చటి ఊపిరి ఆమె చేతి మీద పడింది. కళ్ళ ముందు చీకటి తప్ప ఏమీ లేదు.

తడి మూతి ఒకటి ఆమె చీర కుచ్చెళ్ళలో వెతికింది. మోకాళ్ళ దగ్గర. ఒడిలో. ఆ తర్వాత చిన్న నుదురు ఆమె పొట్టకి ఆనుకుని, పొదుగు కోసం కుమ్మినట్టు, మెల్లగా కుమ్మింది.

ఆమె కదల్లేదు. కాసేపు ఆగి, ఇంకొంచెం గట్టిగా, అది మళ్ళీ కుమ్మింది.