రంగు తేలేదాకా

...ఒకసారి ఎత్తుకుంటే చేతికి ఆ బరువు అలవాటైపోతుంది, తర్వాత దించలేం, అందుకే ముందు రంగు, ఆ తర్వాతే చెయ్యి. ఇది ఉద్యోగధర్మమేగాని భయం కాదు, భయమైతే గుండె కొట్టుకోవాలి కదా, అనుకుంటూ లోకనాథం చింతచెట్టు కింద పడివున్న ఎర్రకాళ్ల కొంగపిల్ల పాదానికి రక్షాపఠని సూది తాకించాడు. పిల్ల నోరు తెరిచింది. ఆకలి. అతను చేతొడుగు తియ్యలేదు.

రక్తపుబొట్టులో ఆ పరికరం చదివేది ఒక్కటే, రోగాన్ని పసిగట్టే జన్యువులు ఎన్ని రకాలున్నాయో. ఎక్కువుంటే ఆకుపచ్చ, తక్కువుంటే బూడిద. రెక్కల జ్వరం వచ్చిన ఏడు ఈ ఊరి చెట్లు ఖాళీ అయిపోయాయి. మిగిలిన కాసిని కొంగల్లో ఆ రకాలు మెండుగా ఉన్నాయని తేలింది. అప్పట్నుంచి గూటినుంచి జారిన పిల్లల్లో పచ్చవాటినే పెంచుతున్నారు. చెట్లు మళ్లీ నిండాయి. ఎవరూ కాదనలేరు.

"రంగేటి బాబూ?" చేపల గిన్నెతో గుమ్మంలో నిలబడి అడిగింది అత్తగారు రాజమ్మ.

"బూడిద."

"అయ్యో" అంది ఆవిడ. గిన్నెతో లోపలికి వెళ్లిపోయింది.

ఒకప్పుడు ఈ ఊళ్లో కొంగలంటే పురిటికొచ్చిన ఆడపిల్లలు. ఎవరి వాకిట్లో పిల్ల పడితే అది వాళ్లింటి మనవరాలు. రంగు అడగడం ఎవరూ నేర్పలేదు, అదే వచ్చేసింది.

అతను కొంగపిల్లను నిద్రపెట్టెలో ఉంచాడు. మీట నొక్కితే చాలు, బూడిద పిల్ల నొప్పి తెలియకుండా పోతుంది. రోజూ నొక్కే వేలు ఇవాళ ఆగింది. సరిగ్గా అప్పుడే మణికట్టు మీది పలక వణికింది. ఆసుపత్రినుంచి.

పుట్టిన పిల్లలకీ ఇప్పుడు ఇదే పఠనం. అతనికి కొత్తగా పుట్టిన పాప రక్తం కూడా పట్నం వెళ్లింది. ఆ కబురు కోసమే ఇంట్లో ఇంకా పేరు అనుకోలేదు. అతను పాపను ఎత్తుకోనూ లేదు.

లోపల హైమ పాపకు పాలిస్తోంది.

"వచ్చిందా?" భర్త ముఖం చూడకుండానే అడిగింది.

"వచ్చింది. ఇంకా తెరవలేదు."

"తెరువు మరి. కొంగపిల్లనైనా చేతొడుగేసుకుని తాకుతావు. దీనికి ఆ భాగ్యం కూడా లేదు."

"అలా అనకు హైమా. జాగ్రత్త..."

"ఎవరికి జాగ్రత్త?"

పలక మీద వేలు పెట్టాడు. ఆకుపచ్చ. గదంతా ఆ వెలుతురు పడినట్టనిపించింది.

"పచ్చ!" అన్నాడు. గొంతు తనది కాదేమో అన్నంత గట్టిగా.

"నా తల్లే! నా బంగారమే!" వంటింట్లోంచి రాజమ్మ పరిగెత్తుకొచ్చింది. "ఇలా తే అమ్మా, ఓసారి ముద్దులాడనీ!"

లోకనాథం అప్పటికే రెండు చేతులూ చాచాడు. హైమ పాపను గుండెకు అదుముకుని గోడవైపు తిరిగింది.

"బూడిదొచ్చుంటే ఆ చేతులు ఎక్కడుండేవి?"

 రాజమ్మ కొంగుతో ఊరికే చేతులు తుడుచుకుంది.

ఎత్తుకునేవాణ్నే, అనాలి. నాలుక దాకా వచ్చింది. నిన్న మధ్యాహ్నం పక్కగదిలో పడుకుని తాను చేసిన పని గుర్తొచ్చి ఆగిపోయింది. బూడిదొస్తే పాప దక్కదనుకుని, పాప లేని ఇల్లు ఊహించుకున్నాడు. ఉయ్యాల విప్పి అటకెక్కించడం, హైమను ఓదార్చే మాటలు, తిరిగి డ్యూటీలో చేరడం. దుఃఖం రాలేదు. ముందుగానే అన్నీ సర్దిపెట్టుకున్నవాడి నెమ్మది మాత్రం వచ్చింది. అప్పుడు పాప గోడకవతల బతికే ఉంది, ఏడుస్తూనే ఉంది.

ఆ నెమ్మదిని ఏ పరికరం చదువుతుంది? హైమ చదివేసింది.

"నాకు తెలీలేదు" అన్నాడు చివరికి.

"నాకు తెలుసు" అంది హైమ.

పాప ఒళ్లు విరుచుకుంది. గుడ్డ తడిసింది. హైమ ఒక చేత్తోనే దాన్ని లాగి, మంచం కింద పడేసి, పొడిది చుట్టింది. సాయం అడగలేదు. అడగడం ఎప్పుడో మానేసినట్టుంది.

 లోకనాథం చేతొడుగులు విప్పి, వంగి, వెచ్చగా ఉన్న ఆ పసుప్పచ్చ గుడ్డను వట్టి చేతుల్లోకి తీసుకుని, ఉతకడానికి పెరట్లోకి నడిచాడు.